స్కోరు మీద ప్లాస్టర్ ముక్క

మా గల్లీలో నల్లా నీళ్ళు ఇప్పుడు సరిగ్గా ఏడుంబావుకి ఆగిపోతున్నాయి. ఒక్క నిమిషం అటూ ఇటూ ఉండదు. కొత్తగా వచ్చిన లైన్‌మన్ మహా పద్ధతి మనిషి. నా ఆఖరి బిందె సగంలో ఉండగానే ధార సన్నబడి చుక్కలై నిలిచిపోతుంది. పోయిన వారం నాకు ఒళ్ళు మండి, కిందికి దిగి వెళ్ళి అడిగాను. "టైం అయిపోయింది మేడం" అన్నాడు, చేతి గడియారం చూపించి. గడియారం మీద నేనేం పోట్లాడతాను?

తిరిగి రాబోతుంటే ఆయనే ఆపాడు. చేతిలోని చాబీని నా ముందు నిలబెట్టాడు. చాబీ అంటే జేబులో పట్టేది కాదు. మనిషి రొమ్ముదాకా వచ్చే ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి. గుంతలోకి దించి తిప్పితేనే నీళ్ళ వాల్వు విచ్చుకుంటుంది. ఆ పిడి మీద మట్టి పట్టిన తెల్ల ప్లాస్టర్ ముక్కలు మూడు అంటించి ఉన్నాయి, మందుల షాపులో దొరికేవి.

"గిదేంది మేడం? పాతాయన చాబీకి పట్టీలు గట్టిండు. దెబ్బ తాకిందా దీనికి?" అని నవ్వాడు.

"గీకి పడేయకు. ఉండనీ" అన్నాను. పైకి వచ్చి సగం బిందె పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ పాతాయన పోయి అప్పటికి రెండు నెలలు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పాతబస్తీలోని ఈ జహనుమాలో మా గల్లీ వాళ్ళెవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. మొదటి ఇంటి పెద్దావిడ, మేమంతా ఆపా అంటాం, "భాయ్" అనేది, నేను మొదట్లో "ఏమయ్యా" అనీ, తర్వాత "అన్నా" అనీ పిలిచాను. ఆయన టీం పేరు కూడా రాయను. అమెరికాలో డబ్బులకు బాస్కెట్‌బాల్ ఆడే టీం అది. ఆయన ఎన్నడూ పేరుతో చెప్పలేదు, "మనోళ్ళు" అనేవాడు. మనోళ్ళు అంటే మేమంతా మొదట ఆయన చుట్టాలనుకున్నాం.

క్రికెట్ తప్ప మరొకటి ఎరగని ఈ ఊళ్ళో ఆ పిచ్చి ఎట్లా పట్టిందంటే, ఆయన చెప్పిన కథ ఒక్కటే. జుమేరాత్ బజార్‌లో పాత బట్టల కుప్పలోంచి చేతుల్లేని బనీను ఒకటి తీశాడట. వెనక అంకె, ముందు ఏవో ఇంగ్లీషు అక్షరాలు. వేసుకుంటే సరిగ్గా సరిపోయింది. తర్వాత ఎవరో అక్షరాలు చదివి, అది ఫలానా టీం బనీను, ఎప్పుడూ ఓడే టీం అని చెప్పారు.

"బనీను మంచిగ సరిపోయింది చెల్లే. టీం మంచిది కాదని ఇప్పి పారేస్తమా?" అనేవాడు.

అంత తేలిగ్గా ఒక మనిషి ఒక టీంకి కట్టుబడిపోవడం నేను మరెక్కడా చూడలేదు. పెళ్ళిళ్ళు కూడా ఇంతకన్నా ఎక్కువ ఆలోచించి చేస్తారు. మ్యాచ్ ఉన్న రోజు ఆ బనీను ఖాకీ చొక్కా మీద తొడుక్కుని వచ్చేవాడు. రంగు పూర్తిగా వెలిసిపోయింది, వెనక అంకెలో సగమే మిగిలింది.

చిక్కంతా వేళల దగ్గర వచ్చింది. వాళ్ళకి లీగ్ దశలోనే ఎనభై రెండు మ్యాచ్‌లు. అక్కడ సాయంత్రాలు ఆడితే మనకి తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు. అంటే మ్యాచ్ బిగిసేది సరిగ్గా రోజు విడిచి రోజు మా నల్లాలు వచ్చే వేళకే. మా గల్లీ గుట్ట మీదికి ఎక్కుతుంది. ముందు కింది ఇళ్ళకు నీళ్ళు వదిలి, గంట తర్వాత కింది వాల్వు కట్టేస్తేనే నీళ్ళు పైకి ఎక్కుతాయి. కట్టకపోతే ఎక్కవు. అందరికంటే పైన, ఆఖరిది మా ఇల్లు.

ఆయన వాల్వు గుంత పక్కన గొంతుక్కూర్చుని, చాబీ గుంతలోనే వదిలేసి, ఫోన్‌ని సంచీకి ఆనించి మ్యాచ్ చూసేవాడు. మ్యాచ్ బిగువుగా ఉంటే కింది వాల్వు కట్టడం ఐదు నిమిషాలు, పది నిమిషాలు ఆలస్యం. ఆ పది నిమిషాలు కింది ఇళ్ళవాళ్ళకి పండగ. మొదటి ఇంటి ఆపాకి బాస్కెట్‌బాల్ గుండ్రంగా ఉంటుందో పలకలా ఉంటుందో తెలియదు గానీ, నీళ్ళొచ్చే ప్రతి రోజూ డ్రమ్ము కడుగుతూ అడిగేది: "ఆజ్ మ్యాచ్ హై క్యా భాయ్?" ఉందంటే, రెండో డ్రమ్ము కూడా బయటికి దొర్లించుకొచ్చేది. మ్యాచ్ సమంగా ముగిస్తే ఐదు నిమిషాలు అదనంగా ఆడిస్తారని కూడా ఆమె నేర్చుకుంది. "బరాబర్ కరో అల్లా, బరాబర్ కరో" అని ఆమె దువా చేయడం నేను చెవులారా విన్నాను.

ఆ దువా ఒకరోజు ఫలించింది. అది మా మామగారి పదకొండో రోజు.

ఇంటినిండా బంధువులు. అందరూ తలస్నానాలు చేస్తే గానీ కార్యం మొదలు కాదు. ఏడు దాటింది, నల్లా బుస్సుమని ఊరుకుంది. పంతులుగారు గుమ్మంలో నిలబడ్డారు. నేను కొంగు బిగించి కిందికి పరుగెత్తాను. ఆయన గుంత పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. కింది వాల్వు తెరిచే ఉంది. ఆపా ఇంటి ముందు నీళ్ళు మోరీలో పారుతున్నాయి.

"ఏందయ్యా ఇది! సావు జరిగిన ఇంట్ల సుక్క నీళ్ళు లేవు, నువ్వు ఆట జూస్కుంట కూసున్నవా?" అని అరిచాను.

ఆయన ఫోన్ వైపు చూశాడు, చాబీ వైపు చూశాడు, నా ముఖం చూశాడు. మ్యాచ్ రెండోసారి సమమై, రెండో అదనపు ఐదు నిమిషాలు నడుస్తున్నాయట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఫోన్ ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. కింది వాల్వు కట్టాడు. అప్పటికే అసలు లైన్‌లో నీళ్ళు ఆగిపోయాయి. ఇక ఆపా డ్రమ్ముల దగ్గరికి పోయి, "ఆపా, పానీ దేవ్" అని బిందె ముంచి భుజాన వేసుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు బిందెలు మోశాడు. నేను గుమ్మంలో నిలబడి కోపంతో లెక్కపెట్టాను. ఆయన మోకాళ్ళు బాగా లేవని, పది బిందెల తర్వాత మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడని కూడా చూశాను.

అయినా మర్నాడు ఆఫీసుకి పోతూ ఆయన మీద రాసిన ఫిర్యాదు నీళ్ళ శాఖ సెక్షన్ ఆఫీసులో ఇచ్చేశాను. బిందెలు మోసినందుకు జాలిపడి చింపేశానని రాస్తే బాగుండేది. నేను అట్లాంటిదాన్ని కాదు.

సంజాయిషీ అడిగారు. ఎవరైనా పైపు పగిలిందనో, ఒంట్లో బాగా లేదనో రాస్తారు. ఈయన రాసింది నాలుగు ముక్కలు: మ్యాచ్ రెండుసార్లు సమం అయినది, వాల్వు కట్టుట మరిచితిని, ఆఖరి ఇంటికి నీళ్ళు అందలేదు, తప్పు నాది. అంత నిజం చదవడం అలవాటు లేక ఆఫీసరు ఇంకా మండిపడ్డాడట. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే ఈ లైన్ మీద ఉండవు అని హెచ్చరించి వదిలేశాడు.

ఆ తర్వాత నీళ్ళ రోజున వేళకి కింది వాల్వు కట్టి, పై ఇళ్ళ వాల్వు విప్పి, చాబీ భుజాన వేసుకుని నేరుగా మా ఇంటి మెట్టు దగ్గరికి వచ్చాడు. నేను మళ్ళీ గొడవకి సిద్ధమయ్యాను.

"లొల్లి లేదు మేడం. మీ బిందె సప్పుడు ఇని పోత" అన్నాడు.

నిజంగానే విన్నాడు. బిందె సగం నిండినప్పుడు ఒక చప్పుడు, మెడ దాకా వచ్చినప్పుడు ఒక చప్పుడు. గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. "మూడోది నిండింది. ఇంకొకటి పెట్టుండ్రి" అని బయట్నుంచే చెప్పేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదు. నా ఆఖరి బిందె నిండాకే కిందికి పోయి వాల్వు కట్టేవాడు. ఆ తర్వాత మళ్ళీ పైకి వచ్చి, మా మెట్టు మీదే కూర్చుని, అప్పుడు మ్యాచ్‌ని మొదటి నుంచీ రికార్డులో చూసేవాడు.

"ఇంత ఎత్తు ఎక్కి ఇక్కడే ఎందుకన్నా?" అని ఒకసారి అడిగాను. అప్పటికి "అన్నా"లోకి దిగాను.

"ఈడ కూసుంటె నేను జేసిన తప్పు యాదికుంటది చెల్లే. ఇంక నీడ గూడ ఉన్నది."

ప్లాస్టర్ సంగతి అప్పుడే తెలిసింది. ఫోన్ తెర మీద స్కోరు కనబడే మూల ఆయన ప్లాస్టర్ ముక్క అంటించేవాడు. తడి చేతులకి అది ఊడిపోతుంటే, చాబీ పిడి మీద సిద్ధంగా ఉంచుకున్న మరో ముక్క తీసి అతికించేవాడు. స్కోరు చూడకుండా ఆట చూడటం ఏం సుఖమో నాకు అర్థం కాలేదు.

"స్కోర్ కనబడితె కండ్లు అటే పోతయ్. గెలుస్తుండ్రంటె అందరు మంచిగనే ఆడుతున్నట్టు కొడ్తది. ఓడుతుండ్రంటె అందరు గాడిదలే. ఆట ఎవడు జూస్తడు మరి?"

బంతిని కూడా చూసేవాడు కాదు. బంతి దగ్గర లేని నలుగురినీ చూసేవాడు. "గా పొడుగోన్ని జూడు, నిలబడ్డడు, చెట్టు తీరు. చెయ్యి లేపురా, చెయ్యి లేపు" అని కూర్చున్న చోటే రెండు అరచేతులూ పైకెత్తి అటూ ఇటూ కదిలిపోయేవాడు. దారిన పోయేవాళ్ళు ఎవరో తుపాకీ చూపించారేమో అనుకునేవాళ్ళు. నేను ఎనిమిదిన్నర లోకల్ రైలుకి పరుగెత్తాలి కాబట్టి మొదటి భాగం వరకే నా వంతు. ఆదివారాలు మాత్రం మొత్తం చూసేదాన్ని. నాకు ఇష్టం లేదని చాలా కాలం అందరితో చెప్పుకున్నాను.

ఇక గల్లీ మొత్తానికి ఒక నియమం ఏర్పడింది: భాయ్ మ్యాచ్ చూసేదాకా ఎవరూ స్కోరు నోటితో అనకూడదు. తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, కానీ తెలియనివాళ్ళు కూడా మూతి బిగించుకుని తిరిగేవాళ్ళు. పాన్ డబ్బా ఆయన ఒకసారి ఈయన్ని చూసి, "అరెరె" అని నాలుక చప్పరించాడు. అంతే. ఈయన ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ మ్యాచ్ చూడనేలేదు. పాన్ డబ్బా ఆయనని ఆపా పిలిపించి, నాలుగు రోజులు గుర్తుండేలా తిట్టింది. మరి ఆమె అదనపు నీళ్ళు ఎప్పుడో పోయాయి. అయినా తిట్టింది.

ఏటా ఏప్రిల్‌లో, లీగ్ దశ ముగిసిన మర్నాడు, ఆయన తీర్పు చెప్పే రోజు. నీళ్ళ పని అయ్యాక గుంత మీది ఇనుప మూత మీద నిలబడి, చాబీ కర్రలా పట్టుకుని, సీజన్ ఎట్లా గడిచిందో చెప్పేవాడు. వినేది ఆపా, నేను, మా ఆయన, పాన్ డబ్బా ఆయన. ఏ ఒక్క తీర్పులోనూ గెలుపుల లెక్క చెప్పలేదు.

"మొదట్ల ఇరవై మ్యాచులు మస్తు ఆడిండ్రు. పేపరోళ్ళు మస్తు రాసిండ్రు. నేను అప్పుడే అన్న, గది గాలి అని. నల్లా ఇప్పంగనే ముందు బుస్సుమని గాలొస్తది. సప్పుడు మస్తుంటది. గాలిని జూసి బిందె వెట్టకుండ్రి. జనవరిల పరాయి ఊర్లకు పోయిండ్రు, ఆడ తెలిసింది జోడు ఎక్కడ లీకున్నదో. ఎనుకకు ఉరికెటోళ్ళు లేరు. ఒగడు కాపాడుతడని ఒగడు నిలబడ్డడు. ఇగ మన పెద్ద ఆటగాడు. మంచోడే. కని బంతి దొరికితె ఇడువడు. మొదటి ఇంటోళ్ళు లైన్‌కి మోటర్ పెట్టి గుంజినట్టు గుంజుతడు."

అందరం ఆపా వైపు చూశాం. "మేరా మోటర్ కబ్‌కా నికాల్ దియే భాయ్!" అని, మోటర్ ఎప్పుడో తీసేశానని ఆమె ఎగిరింది. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. తీర్పు రోజు ఆయన నవ్వడు.

"గా బెంచీ మీద ఆఖరి కుర్చీల ఒగడు కూసుంటడు. తువాల ఊపుతడు, సప్పట్లు గొడ్తడు. ఎనభై రెండు మ్యాచులల్ల వానికి బంతి ఎన్నిసార్లు అందింది? అందలే. ఇది మంచి సీజన్ కాదు."

"గెలిస్తే మంచి సీజన్ గాని, ఆఖరోడికి అందితే ఏమొస్తదన్నా?" అని నేనే అడ్డం వేశాను.

"గెలుసుడు ఓడుడు వాని చేతుల లేదు చెల్లే. ఎండకాలం పైన చెరువులనే నీళ్ళు లేకుంటె లైన్‌మన్ ఏం జేస్తడు? ఉన్న నీళ్ళు ఆఖరి ఇంటిదాంక పోయినయా లేదా, గదే నా పని. కోచ్ పని గూడ గదే." నన్ను చూడకుండా అన్నాడు, "ఒకపారి నేను గూడ తప్పిన."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫిర్యాదు ఇచ్చినందుకు ఆ రోజు సిగ్గుపడ్డానో, ఇచ్చి మంచిపని చేశాననుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. రెండూ కావచ్చు.

పోయినేడు జూన్‌లో రిటైరయ్యాడు. ఇల్లు దబీర్‌పురా స్టేషన్ పక్కనే. ఆదివారాలు అక్కడ లోకల్ ఎక్కి, ఫలక్‌నుమాలో దిగి, మా మెట్టు మీదికి వచ్చి కూర్చునేవాడు. చాబీ ఆఫీసులో అప్పగించేశాడు గనుక ప్లాస్టర్ జేబులో తెచ్చుకునేవాడు. చలికాలంలో ఆయాసం పట్టుకుంది. గుట్ట ఎక్కలేక ఫోన్‌లోనే మాట్లాడేవాడు. ఆ ఏడాది మనోళ్ళు కూడా మారారు. ఆఖరి మ్యాచ్ గెలిస్తే తర్వాతి దశకు పోతారు. ఆ బనీను కొన్నప్పటినుంచీ ఒక్కసారి కూడా పోలేదు.

అది మనకు సోమవారం పొద్దున. ఆదివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"చెల్లే, రేపు నువ్వు జూడు. నేను ఇంటికి పోయినంక జూస్త. స్కోర్ మాత్రం చెప్పకు."

"చెప్పనన్నా. పానం జాగ్రత్త."

"ఫికర్ జేయకు. ఈసారి గాలి కాదు. లైన్ల నీళ్ళే ఉన్నయ్."

సోమవారం సెలవు పెట్టాను. నా ఫోన్ మూల ప్లాస్టర్ అంటించి, మా మెట్టు మీద కూర్చున్నాను. ఆపా ఎక్కలేక ఎక్కలేక పైకి వచ్చి నా పక్కన కూర్చుంది. బంతిని కాకుండా మిగతావాళ్ళని చూడటానికి ప్రయత్నించాను. వెనక్కి ఉరికేవాళ్ళు ఉన్నారు. పొడుగాయన చేతులు లేపాడు. ఆట చివరి నిమిషాల్లో పెద్ద ఆటగాడికి ఆరో ఫౌల్ పడింది. ఆరు పడితే ఇక బయటికే. కోచ్ బెంచీ వైపు తిరిగి, ఆఖరి కుర్చీ వైపు వేలు చూపించాడు. ఆ మనిషి తువాలు కింద పడేసి లేచాడు. నేను ఆపా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి నలుగురి చేతుల మీదుగా బంతి అతని చేతుల్లోకి వచ్చింది.

ఆ తర్వాత ఏమైందో, ప్లాస్టర్ కింద ఏముందో, ఆట అయ్యాక వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసిపోయింది. ఇక్కడ రాయను.

పదిన్నరకి ఫోన్ వచ్చింది. ఆయన పొద్దున్నే పోయాడు.

దబీర్‌పురా వెళ్ళేసరికి ఇంటి ముందు పడుకోబెట్టారు. ఆయన భార్య, నాకు వదిన, ఆ వెలిసిపోయిన బనీను తెచ్చి ఆయన గుండెల మీద పరిచింది. పక్కన ఆయన ఫోన్ ఉంది, మూల కొత్త ప్లాస్టర్ ముక్కతో. స్నానం చేయించాలి. ఆ వీధికి అది నీళ్ళ రోజు కాదు. ఎవరూ అడగకుండానే ఆయనతో పనిచేసిన లైన్‌మన్లు ముగ్గురు చాబీలు భుజాన వేసుకుని వచ్చి, వీధి చివర వాల్వు విప్పారు. వాకిట్లో నల్లా బుస్సుమంది. ఎవరో తొందరపడి బిందె పెట్టబోయారు.

"ఆగుండ్రి. అది గాలి" అంది వదిన. "నీళ్ళు రానియ్యుండ్రి."

వచ్చాయి. బిందె నిండే చప్పుడు వింటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దుగాల మ్యాచ్ నువ్వు జూసినవంట గదా. మనోళ్ళు గెలిచిండ్రా?"

లైన్‌మన్లు ముగ్గురూ నావైపు తిరిగారు. నాకు నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాను.

"అన్న ఇంకా జూడలే వదినా" అన్నాను.

ఆమెకి అర్థమైంది. తలూపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితె స్కోర్ వద్దు. సీజన్ ఎట్ల అయిందో జెప్పు. ఏడాదికోపారి జెప్పకుంటె ఆయినె ఊకోకపోతుండె. ఈ ఏడు ఆయినె ఇంటడు, నువ్వు జెప్పు."

నేను లేచి నిలబడ్డాను. ఆయన చెప్పినట్టు బిగ్గరగా చెప్పాలనుకున్నాను.

"ఆఖరి కుర్చీ దాంక బంతి పోయిందన్నా. మంచి సీజన్."